నెపోలియన్ వెనుక ఒక స్కాలర్‌షిప్

నెపోలియన్ బోనపార్టే పేరు వినని విద్యార్థి ఉండడు. హైస్కూలు సాంఘికశాస్త్రంలో యుద్ధాలు, సంవత్సరాలు బట్టీ పట్టినప్పటి నుంచీ ఆయన మనకు తెలిసినవాడే. అయితే ఆయన కూడా మనలాగే ప్రభుత్వ ఖర్చుతో, ఇంటికి దూరంగా హాస్టల్లో ఉండి చదువుకున్న కుర్రవాడని మనలో ఎందరికి తెలుసు? ఆ చదువు గురించీ, దాని వెనుక నిలబడ్డ ఇంటి గురించీ ఈ వార్షికోత్సవ సంచికలో చెప్పుకుందామనుకున్నాం.

నెపోలియన్ 1769 ఆగస్టు 15న కార్సికా దీవిలోని అజాక్సియో పట్టణంలో పుట్టాడు. అంతకు ముందటేడే, అంటే 1768లో, జెనోవా రిపబ్లిక్ ఆ దీవిని ఫ్రాన్సుకు అప్పగించింది. తండ్రి కార్లో వకీలు. దీవి స్వాతంత్ర్యం కోసం పోరాడిన పావొలీ పక్షాన నిలిచి, ఓటమి తర్వాత ఫ్రెంచివారితో సర్దుకున్నాడు. తల్లి లెటీషియా. బతికి బట్టకట్టిన పిల్లలు ఎనిమిది మంది. పేరుకు పెద్ద వంశమే గాని ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే.

ఆ రోజుల్లో ఫ్రాన్సు రాజు, చితికిపోయిన కులీన కుటుంబాల పిల్లలను మిలిటరీ స్కూళ్ళలో ఉచితంగా చదివించేవాడు. ఒక్కో విద్యార్థికి ఏడాదికి 700 లీవర్లు ఖజానా నుంచి వెళ్ళేవి. దానికి రెండు రుజువులు కావాలి. నాలుగు తరాలుగా కులీనులమని ఒకటి, పిల్లవాణ్ణి చదివించే స్తోమత లేదని ఇంకొకటి. కార్లో పాత కాగితాలన్నీ వెతికి పోగుచేశాడు, ఫ్రెంచి గవర్నరు మార్బెఫ్ సిఫారసు సంపాదించాడు, చివరకు సాధించాడు. కార్లోకు మంచి బట్టల మీద మోజు, చేతికి దుబారా. అయినా పిల్లల చదువు దగ్గర మాత్రం అతను అలసిపోలేదు.

కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం కూలి మానుకుని మండల ఆఫీసు చుట్టూ తిరిగిన తల్లిదండ్రుల పిల్లలం మనం. కార్లో పడ్డ తిప్పలు మనకు వేరే చెప్పనక్కరలేదు. కాని ఒక తేడా మరువరాదు. అక్కడ ఆ స్కాలర్‌షిప్ పెద్ద పుట్టుక ఉన్నవాళ్ళకే. రైతు కొడుక్కి, చెప్పులు కుట్టేవాడి కొడుక్కి దరఖాస్తు పెట్టుకునే హక్కే లేదు. మన స్కాలర్‌షిప్ తరతరాలుగా చదువుకు దూరంగా ఉంచబడ్డవాళ్ళ కోసం పోరాడి సాధించుకున్నది.

1778 డిసెంబరులో తొమ్మిదేళ్ళ నెపోలియన్ ఇల్లు విడిచాడు. అతని మాతృభాష ఇటాలియన్‌కు దగ్గరిది, ఫ్రెంచి రాదు. అందుకని మూడు నాలుగు నెలలు ఓటన్ పట్టణంలో ఫ్రెంచి నేర్పించి, 1779 మే నెలలో బ్రియెన్ మిలిటరీ స్కూల్లో చేర్చారు. తోటి పిల్లలు అతని యాసనూ, పేరునూ వెక్కిరించేవారు. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషు క్లాసులో నోరు విప్పలేక కూర్చున్న మనకు ఆ బాధ తెలుసు. చదువు పూర్తయ్యేదాకా ఇంటికి సెలవులు లేవన్నది అక్కడి నియమం. నెపోలియన్ లెక్కల్లో, చరిత్రలో, భూగోళంలో రాణించాడు. స్పెల్లింగులో మాత్రం వెనుకబడే ఉన్నాడు.

1784 జూన్‌లో కార్లో బ్రియెన్‌కు వచ్చి కొడుకును చూశాడు. తమ్ముడు లూసియెన్‌ను అక్కడ దించాడు. అదే ప్రయాణంలో కూతురు ఎలీజాను కూడా రాజుగారి స్కాలర్‌షిప్ మీదే సాన్‌సీర్ బాలికల పాఠశాలలో చేర్చాడు. తండ్రీ కొడుకులు చూసుకోవడం అదే ఆఖరు.

ఆ అక్టోబరులో నెపోలియన్ పారిస్ మిలిటరీ స్కూలుకు ఎంపికయ్యాడు. మొదట నౌకాదళం అనుకున్నవాడు తర్వాత ఫిరంగి దళం వైపు తిరిగాడు. ఫిరంగి దళం అంటే గణితమే. గుండు ఎంత దూరం పోతుంది, ఏ కోణంలో పోతుంది, కోటగోడ ఎక్కడ బలహీనం అన్నవన్నీ లెక్క కట్టాలి. బెజూ రాసిన నాలుగు సంపుటాల గణిత గ్రంథమే పాఠ్యపుస్తకం. పరీక్షాధికారి ప్రసిద్ధ గణిత శాస్త్రవేత్త లాప్లాస్. మిగతా దళాల్లో డబ్బు, పలుకుబడి ఉంటే పదవి దొరికేది గాని ఇక్కడ పరీక్ష గట్టెక్కక తప్పదు.

ఆ చదువు మధ్యలోనే పిడుగులాంటి వార్త వచ్చింది. 1785 ఫిబ్రవరి 24న కార్లో మాంపెలియే పట్టణంలో కడుపు జబ్బుతో చనిపోయాడు. వయసు 38 ఏళ్ళు. కొడుక్కి అప్పటికి పదిహేను. సాధారణంగా రెండేళ్ళు, అంతకన్నా ఎక్కువ పట్టే చదువును నెపోలియన్ ఏడాదిలో ముగించి, 1785 సెప్టెంబరులో పరీక్ష రాశాడు. 58 మందిలో 42వ స్థానం వచ్చింది. మొదటి ర్యాంకు కాదు. అయినా పదహారేళ్ళకే సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. వాలెన్స్‌లోని రెజిమెంటులో అధికారి హోదా ఉన్నా, ఆనవాయితీ ప్రకారం మొదట మామూలు ఫిరంగి సిపాయిగా, తర్వాత కార్పొరల్‌గా, సార్జెంటుగా పని నేర్చుకున్నాకే అధికారి విధుల్లోకి తీసుకున్నారు.

1786 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దాదాపు ఎనిమిదేళ్ళ తర్వాత తల్లిని చూశాడు. లెటీషియా చిన్న పిల్లలతో ఇల్లు ఈడుస్తోంది. కుటుంబ వ్యవహారాలు చిన్నతాత లూసియానో చూస్తున్నాడు. మల్బరీ నారు పెంచుతానని కార్లో ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం తాలూకు సొమ్ము రాక, అప్పు మిగిలింది. ఆ డబ్బు కోసం 1787లో నెపోలియన్ పారిస్ ఆఫీసుల చుట్టూ తిరిగాడు, పని కాలేదు. ఒకప్పుడు తండ్రి పట్టుకు తిరిగిన కాగితాలు ఇప్పుడు కొడుకు చేతికి వచ్చాయన్నమాట.

మా దృష్టిలో ఆయన జీవితంలో గొప్ప ఘట్టం యుద్ధరంగంలో లేదు. 1791లో తల్లికి భారం తగ్గించడానికి పన్నెండేళ్ళ తమ్ముడు లుయీని తన వెంట ఓసోన్ సైనిక కేంద్రానికి తీసుకెళ్ళాడు. చాలీచాలని లెఫ్టినెంటు జీతంతోనే ఇద్దరూ గడుపుకున్నారు. తమ్ముడికి రోజూ తానే లెక్కలు చెప్పాడు. లుయీ కూడా ఫిరంగి దళంలోనే చేరాడు, 1806లో హాలెండ్ రాజయ్యాడు. తండ్రి తనకు చేసినదాన్ని తాను తమ్ముడికి చేయడం, రుణం తీర్చుకునే తీరు అదే.

తర్వాతి కథ అందరికీ తెలిసినదే. 1793లో తూలాన్ ముట్టడిలో ఫిరంగులు నడిపి 24 ఏళ్ళకే జనరల్ అయ్యాడు. 1804లో చక్రవర్తి అయ్యాడు. 1802లో లీసే పాఠశాలలు పెట్టించి 6,400 స్కాలర్‌షిప్‌లు ఏర్పాటు చేయించాడు. అదే 1802లో ఫ్రెంచి వలసల్లో బానిసత్వాన్ని కొనసాగించే చట్టమూ తెచ్చాడు. 1812 రష్యా దండయాత్రలో లక్షల తల్లులకు కడుపుకోత మిగిల్చాడు. 1821 మే 5న సెయింట్ హెలీనా దీవిలో బందీగా కన్నుమూశాడు. స్కాలర్‌షిప్‌తో పైకొచ్చినవాడు ఇంకొకరి మెడకు సంకెల బిగించడం మనం క్షమించదగినది కాదు. అందుకే ఆయన్ను పూజించమని మేము చెప్పడం లేదు.

సోదర సోదరీమణులారా! మీలో కొందరు సైనిక్ స్కూలు పరీక్షకో, పాలిటెక్నిక్‌కో, సైన్యంలో సాంకేతిక ఉద్యోగాలకో సిద్ధమవుతూ ఉంటారు. లెక్కలు కష్టంగా ఉన్నాయనీ, ర్యాంకు రాలేదనీ పుస్తకం మూసేయకండి. 42వ ర్యాంకుతో కూడా ముందుకు పోవచ్చు. మాలో చాలామందిమి మా ఇళ్ళలో మొదటి పట్టభద్రులం. మమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చింది మా తెలివి ఒక్కటే కాదు, అమ్మానాన్నలు వదులుకున్న కూలి రోజులు కూడా. మనం తొలి జీతం అందుకునేనాటికి ఇంట్లో ఒక లుయీ ఎదురుచూస్తూ ఉంటాడు, లేదా ఒక ఎలీజా. ఆ తమ్ముడికి, ఆ చెల్లికి లెక్కలు చెప్పే అన్నలం, అక్కలం కావాలని కోరుకుందాం.