విలియం రాక్స్‌బర్గ్: సామర్లకోట వృక్షశాస్త్రజ్ఞుడు

గోదావరి మండలంలో ఈతచెట్టు ఎరుగనివారుండరు. కాని కోరంగి తీరపు ఇసుకనేలల్లో పెరిగే చిట్టి ఈతను సచిత్రంగా వర్ణించి శాస్త్రలోకానికి అందించిన పండితుడు సామర్లకోటలో నివసించాడని ఎరిగినవారు కొద్దిమందే. ఆ మహాశయుని జీవితాన్ని విద్యార్థుల కొరకు సంగ్రహంగా వ్రాయ సంకల్పించాము.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండు దేశంలో జన్మించి, ఎడింబరోలో వైద్యంతోపాటు వృక్షశాస్త్రం అభ్యసించాడు. 1776లో మద్రాసులో కంపెనీ వైద్యుడుగా చేరి, 1781లో సామర్లకోట వచ్చాడు. అక్కడ మిరియం, నీలి, చెరకు మొదలగు పైరులను పరిశీలించాడు. 1787లో కోరంగి ప్రాంతాన్ని ఉప్పెన ముంచెత్తగా ఆయన గ్రంథాలూ, సేకరించిన నమూనాలూ నీటిపాలయ్యాయి. అధైర్యపడక మొదటినుండి మరల ఆరంభించాడు.

అనతికాలానికే ఉత్తర సర్కారులను ఘోర క్షామం పీడించింది. బీదలు చిట్టి ఈత మానును చీల్చి, దంచి, జల్లించి, ఆ పిండితో గంజి కాచుకొని ప్రాణాలు నిలుపుకొనేవారు. రాక్స్‌బర్గ్ దీనిని గమనించి, ఆ మొక్కకు పిండినిచ్చునది అను అర్థం గల లాటిన్ పేరు పెట్టాడు. కరువు నివారణకై కొబ్బరి, పనస, అరటి, సాగో తాళవృక్షం విరివిగా నాటించవలెనని కంపెనీ అధికారులను కోరాడు. మొక్కలకు ప్రజలు వాడే తెలుగు పేర్లను తన గ్రంథాలలో చేర్చాడు. బొమ్మలు గీసినవారు స్వదేశీ చిత్రకారులే. వారి పేర్లు మాత్రం మరుగునపడిపోయాయి.

1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళాడు. ఆ సంవత్సరమే జర్మనీలో స్ప్రెంగెల్ అను పండితుడు పుష్పాలకూ కీటకాలకూ గల సంబంధాన్ని వివరించే గ్రంథం ప్రకటించాడు. దాని విలువను లోకం గుర్తించుటకు చాలా దశాబ్దాలు పట్టింది. రాక్స్‌బర్గ్ అనుసరించిన లిన్నేయస్ పద్ధతిలో కేసరాల సంఖ్యకే ప్రాధాన్యం.

ఈతలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. ఇరాక్, అరేబియా రైతులు ప్రాచీనకాలం నుండి మగ ఖర్జూరపు పుప్పొడిని ఆడగెలలపై చేతితో చల్లుతున్నారు. తాళజాతి వృక్షాలన్నిటికీ గాలియే ఆధారమని చాలాకాలం తలచారు. అది సరికాదని, ఎక్కువ జాతులకు ముక్కుపురుగు వంటి పెంకుపురుగులు, తేనెటీగలు, ఈగలు తోడ్పడతాయని తరువాత తేలింది. అడవిలో పెద్దచెట్ల నీడన, గాలి సోకనిచోట పెరిగే పొట్టి జాతులకు వీటి అవసరం మరీ ఎక్కువ. ఆయిల్‌పామ్ తోటలలో పరాగసంపర్కం కొరకు ఆఫ్రికా ముక్కుపురుగును 1981లో మలేషియాకు, 1985లో మన దేశానికి తెప్పించారు. నేడు ఉమ్మడి పశ్చిమగోదావరి మెట్టప్రాంతపు ఆయిల్‌పామ్ గెలలలో గింజ కట్టుటకు ఆ చిరుజీవియే ముఖ్యాధారం.

రాక్స్‌బర్గ్ 1813లో భారతదేశం విడిచి, 1815లో ఎడింబరోలో కన్నుమూశాడు. ఆయన కోరమాండల్ గ్రంథపు మూడు సంపుటాలలో మూడువందల చిత్రాలున్నాయి. ఆకలిగొన్నవారి గంజిలో సైతం శాస్త్రవిషయాన్ని చూడగలిగిన ఆ దృష్టి మనకు ఆదర్శం. విద్యార్థులారా, ఈత పూచేకాలంలో ఒక పూట మగచెట్టు వద్దా, ఒక పూట ఆడచెట్టు వద్దా నిలిచి, ఏ పురుగులు వచ్చిపోతున్నవో వ్రాసుకొనండి. ఆయన మన నేలపై ఆరంభించిన పనిని కొనసాగించుటకు ఇంతకన్న సులభమైన మార్గం లేదు.