బడిపంతుళ్ల కోసం ప్రార్థన రాసిన పంతులమ్మ



పలక మీద అక్షరాలు దిద్దించే వారిని మనం గురువు అంటాం. పీఠం వద్ద దివ్యబలిపూజ సమర్పించే వారిని కూడా గురువు అనే అంటాం. మన తాతల కాలంలో అనేక పల్లెల్లో ఉపదేశిగారే పంతులుగారు కూడా. పగలు బడి, సాయంత్రం జపం, రెండూ ఒకే పాకలో జరిగేవి. అందుకే ఈ వారం మీకు ఒక పంతులమ్మ జీవితం చెప్పాలనుకుంటున్నాను. ఆమెది మన దేశం కాదు, మన భాష కాదు. అయినా ఆమె కథ వింటుంటే మీ ఊరి బడి మీకు గుర్తుకు వస్తుంది.

దక్షిణ అమెరికా ఖండంలో చిలీ అనే దేశం ఉంది. ఆ దేశపు ఉత్తర భాగంలో, కొండల నడుమ ఎల్కీ అనే లోయలో, వికూన్యా అనే చిన్న పట్టణంలో 1889 ఏప్రిల్ 7వ తేదీన ఆమె జన్మించింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు లూసిలా గోదోయ్ అల్కాయాగా. లోకానికి తెలిసిన పేరు గబ్రియేలా మిస్త్రాల్. తండ్రి బడిపంతులు, పాటలు కట్టేవాడు కూడా. కానీ బిడ్డకు మూడేళ్లు నిండేసరికి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. తల్లి, అక్క ఎమెలీనా కలిసి ఆమెను పెంచారు. అక్క కూడా పంతులమ్మే. మోంతెగ్రాందె అనే పల్లెలో అక్క నడిపిన బడిలోనే లూసిలా అక్షరాలు నేర్చింది. నాయనమ్మ దగ్గరకు వెళ్లినప్పుడల్లా ఆ ముసలమ్మ దావీదు కీర్తనలు చదివించి, కంఠస్థం చేయించేది. ఆ కీర్తనల నాదమే ఆ బిడ్డకు కవిత్వంలో మొదటి పాఠం.

ఆ తరువాత జరిగింది వినండి. పై చదువుకు వికూన్యా బడిలో చేర్చారు. అక్కడి ప్రధానోపాధ్యాయినికి కంటిచూపు లేదు. ఆమెను చెయ్యి పట్టుకుని నడిపించే పని, పిల్లలకు కాగితాలు పంచే పని లూసిలాకు అప్పగించారు. బిడియస్తురాలైన ఆ పిల్ల, తోటివారు అడిగినన్ని కాగితాలు తీసుకుంటుంటే కాదనలేకపోయింది. కాగితాలు అయిపోయాయి. నింద ఆమె మీద పడింది, దొంగ అన్నారు. తోటి పిల్లలు వీధిలో రాళ్లు రువ్వారు. ఆ గాయం ఆమె జీవితాంతం మానలేదు. నిరపరాధి అయిన బిడ్డను అందరి ముందు నిందించే ముందు పెద్దలు ఎంత ఆలోచించాలో తల్లిదండ్రులూ, ఉపాధ్యాయులూ గమనించాలి.

ఇల్లు గడవాలి కనుక 1904లో, పదిహేనేళ్ల వయసులోనే, ఒక పల్లె బడిలో సహాయకురాలిగా చేరింది. తరువాత మరో ఊళ్లో పగలు పిల్లలకు, రాత్రి కూలి పని చేసి వచ్చిన పెద్దలకు చదువు చెప్పింది. ఉపాధ్యాయ శిక్షణ పొందాలని లా సెరేనా పట్టణంలోని శిక్షణ పాఠశాలకు దరఖాస్తు పెట్టుకుంది. అప్పటికే స్థానిక పత్రికల్లో ఆమె రచనలు వస్తున్నాయి. ఆ రచనలు క్రైస్తవ విశ్వాసానికి తగినవి కావని ఆ పాఠశాలలోని ఒక గురువు అభ్యంతరం చెప్పాడు. తలుపు మూసుకుపోయింది.

ఈ మాట రాస్తుంటే నాకు సిగ్గు వేస్తుంది. ఆ అభ్యంతరం చెప్పింది నావంటి గురువే. విశ్వాసాన్ని కాపాడాలనే ఉద్దేశంతోనే చెప్పి ఉండవచ్చు. కాని ఆ పేదపిల్ల చేతిలో ఏముందో, దేవుడు ఆమెతో ఏం చేయించబోతున్నాడో ఆయన చూడలేకపోయాడు. మన ఒక్క మాటతో ఒక బిడ్డ దారి మూసుకుపోగలదని మా గురువులం అందరం గుర్తుంచుకోవాలి.

లూసిలా ఆగలేదు. సొంతంగా చదువుకుని, 1910లో రాజధాని శాంతియాగోలో పరీక్ష రాసి ఉపాధ్యాయ అర్హత సంపాదించింది. అక్కడి నుండి దేశమంతా బదిలీలే. ఉత్తరాన ఎడారి అంచున ఉన్న ఆంతోఫగాస్తా మొదలు, దక్షిణాన చలిగాలులు వీచే పుంటా అరెనాస్ వరకు పనిచేసింది. 1914లో శాంతియాగోలో జరిగిన కవితల పోటీలో మొదటి బహుమతి ఆమెకు వచ్చింది. యౌవనంలో తాను అభిమానించిన ఒక రైల్వే ఉద్యోగి 1909లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ దుఃఖం ఆ కవితల వెనుక ఉంది. 1920లో తెముకో పట్టణంలో బాలికల పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా వెళ్లింది. అక్కడ సన్నగా, మౌనంగా ఉండే ఒక కుర్రాడు ఆమె వద్దకు వస్తే, రష్యా రచయితల నవలలు చేతిలో పెట్టి చదవమంది. ఆ కుర్రవాడే తరువాత పాబ్లో నెరూదా అయ్యాడు. 1971లో అతనికి నోబెల్ బహుమతి వచ్చింది. ఒక పంతులమ్మ ఒక పిల్లవాడికి ఇచ్చిన పుస్తకం ఎంత దూరం వెళుతుందో ఎవరు చెప్పగలరు?

అయినా ఎత్తిపొడుపులు తప్పలేదు. 1921లో శాంతియాగోలో ఒక బాలికల ఉన్నత పాఠశాలకు అధిపతిగా నియమిస్తే, విశ్వవిద్యాలయ పట్టా లేని మనిషికి ఈ పదవి ఎలా ఇస్తారని గొడవ చేశారు. పదిహేడేళ్లు బడిలో సుద్దముక్క పట్టిన చేతికి అప్పటికీ విలువ లేకపోయింది.

ఇటువంటి అవమానాలు పడ్డ మనిషి ఏం రాయాలి? కోపంతో రాయవచ్చు. ఆమె మాత్రం ఉపాధ్యాయుల కోసం ఒక ప్రార్థన రాసింది. అది వచన కవిత. యేసు ప్రభువును తొలి ఉపాధ్యాయునిగా ఎంచి, ఆయన ముందు నిలబడి మాట్లాడుతున్నట్టుగా సాగుతుంది. అందులో జీతం పెంచమని లేదు, పేరు రావాలని లేదు. తన బడిని తాను ప్రేమించగలగాలని, తనను అర్థం చేసుకోనివారి మీద మనసులో చేదు మిగలకూడదని, పేదరికం తనను కుంగదీయకూడదని, పిల్లవాణ్ణి మందలించవలసి వస్తే ఆ మందలింపులో కూడా ప్రేమే ఉండాలని వేడుకుంటుంది. ఒకసారి ఆలోచించండి. దొంగ అని రాళ్లు తిన్న పిల్ల పెద్దయ్యాక అడిగిన వరాలు ఇవి. ఈ ప్రార్థన ముందుగా ఆమెకే అవసరం. తనకు అవసరమైనది కనుకనే తక్కిన ఉపాధ్యాయులకూ అక్కరకు వచ్చింది. స్పానిష్ భాష మాట్లాడే దేశాల్లో ఎందరో ఉపాధ్యాయులు దానిని తమ ప్రార్థనగా చేసుకున్నారు.

పల్లెటూరి పంతులమ్మ గురించి ఆమె మరొక కవిత కూడా రాసింది. ఆ పంతులమ్మ పేదది, ఊరివారు ఆమెను చులకనగా మాట్లాడతారు. పిల్లల మనసుల్లో ఆమె నాటినది ఏమిటో తల్లులకు తెలియదు. ఎవరి మెప్పూ పొందకుండానే ఆమె కన్నుమూస్తుంది. దేవుడు మాత్రం ఆమెను ఎరుగును. ఇది చదివిన ప్రతి పల్లె ఉపాధ్యాయురాలూ తన కథే అనుకుని ఉంటుంది.

ఉపాధ్యాయులు ఆ ఋణం తీర్చుకున్న తీరు కూడా ముచ్చటైనది. 1921లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక ఆచార్యుడు ఆమె కవితలను గురించి ప్రసంగించాడు. విన్నవారిలో చాలామంది స్పానిష్ భాష బోధించే ఉపాధ్యాయులే. ఆమె పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడిగారు. అసలు పుస్తకమే అచ్చు కాలేదని తెలిసి, వారే పూనుకుని 1922లో న్యూయార్కులో ఆమె మొదటి కవితా సంపుటిని ప్రచురింపజేశారు. ఉపాధ్యాయులను ప్రోత్సహించిన కవయిత్రిని చివరకు ఉపాధ్యాయులే లోకానికి అందించారు. మన రవీంద్రనాథ ఠాకూరు కవితలకు ఆమె రాసిన వ్యాఖ్యలు కూడా ఆ సంపుటిలో ఉన్నాయి.

అదే ఏడాది మెక్సికో ప్రభుత్వం పల్లె పాఠశాలలను, గ్రంథాలయాలను తీర్చిదిద్దడానికి ఆమెను ఆహ్వానించింది. ఆ తరువాత రాయబార కార్యాలయాలలో పనిచేస్తూ ఎన్నో దేశాలలో నివసించింది. యౌవనంలో కొంతకాలం దివ్యజ్ఞాన సమాజం వైపు, బౌద్ధం వైపు మనసు పోయినా, తిరిగి శ్రీసభ ఒడికే చేరింది. గృహస్థుల కోసం ఏర్పడిన పునీత ఫ్రాన్సిస్ మూడవ సభలో చేరింది. 1938లో వచ్చిన కవితా సంపుటి రాబడిని స్పెయిన్ అంతర్యుద్ధంలో నిరాశ్రయులైన బాస్క్ పిల్లలకు ఇచ్చివేసింది. 1943లో బ్రెజిల్‌లో, తాను పెంచుకున్న మేనల్లుడు ఆత్మహత్య చేసుకోవడం ఆమెను కుదిపివేసింది. 1945లో సాహిత్యానికి నోబెల్ బహుమతి వచ్చింది. లాటిన్ అమెరికాలో ఆ బహుమతి అందుకున్న మొదటి రచయిత ఆమెయే. సొంత దేశపు జాతీయ సాహిత్య బహుమతి మాత్రం 1951లో గాని రాలేదు! ప్రవక్తకు సొంత ఊరిలో జరిగేది ఇదే కదా.

1957 జనవరి 10న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో ఆమె మరణించింది. దక్షిణ అమెరికాలో తన పుస్తకాలపై వచ్చే రాబడి మోంతెగ్రాందె పిల్లలకు చెందాలని వీలునామాలో రాసింది. ఆమె నోబెల్ పతకం శాంతియాగోలోని ఫ్రాన్సిస్కన్ మఠంలో ఉంది. ఆమె కోరిక ప్రకారం 1960లో ఆమె భౌతికకాయాన్ని మోంతెగ్రాందెకే తెచ్చి సమాధి చేశారు. అక్షరాలు నేర్చిన ఊరికే తిరిగి చేరింది.

పునీత అగుస్తీను తన కుమారునితో జరిపిన సంభాషణగా ఒక చిన్న గ్రంథం రాశాడు. బయటి ఉపాధ్యాయుడు మాటలతో చూపగలడే గాని, లోపల నుండి సత్యాన్ని తెలియజేసే గురువు క్రీస్తు ఒక్కడే అని అందులో వివరిస్తాడు. సెమినరీలో దానిని తత్వశాస్త్రంగా చదువుకున్నాను. ఒక పంతులమ్మ అదే సత్యాన్ని ప్రార్థనగా ఎలా జీవించిందో గబ్రియేలా కథ వల్ల తెలిసింది.

ప్రియ తల్లిదండ్రులారా, మన విచారణలలో కూడా తక్కువ జీతానికి పొద్దున్నే బస్సెక్కి పోయి పాఠాలు చెప్పే అమ్మాయిలు ఎందరో ఉన్నారు. మార్కులు తగ్గినప్పుడు తప్ప మనం వారి ముఖం చూడం. కవిత వల్ల వారి జీతం పెరగదు, నిజమే. కాని తాను చేసే పనిని ఎవరో చూస్తున్నారన్న ధైర్యం కలుగుతుంది. సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవం. మదర్ తెరెసా పండుగ కూడా ఆ రోజే. ఆమె కూడా కలకత్తాలో దాదాపు ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన పంతులమ్మే. ఆ రోజున మీ పిల్లల చేత తమ ఉపాధ్యాయుల గురించి నాలుగు పంక్తులు రాయించండి. ప్రాస కుదరకపోయినా ఫరవాలేదు. కొన్న కార్డు కన్నా ఆ నాలుగు పంక్తులను వారు ఎక్కువ కాలం దాచుకుంటారు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో వారి పేర్లు కూడా చేర్చండి. మీకు అక్షరాలు నేర్పిన వారు జీవించి ఉంటే, ఒకసారి వెళ్లి కనిపించి రండి.