రావి నారాయణరెడ్డి - ఓటరు తీర్పు

మన చిలుకూరు పేరు తెలంగాణ చరిత్రలో నిలిచిపోవటానికి 1941లో ఇచ్చట జరిగిన ఎనిమిదవ ఆంధ్ర మహాసభ కారణం. దానికి అధ్యక్షత వహించినవారు రావి నారాయణరెడ్డిగారు. ప్రజలకు జవాబు చెప్పే బాధ్యతాయుత ప్రభుత్వం కావాలన్న కోరిక ఆ వేదికపై గట్టిగా వినిపించింది.

ఆయన 1908లో భువనగిరి ప్రాంతపు బొల్లేపల్లిలో భూస్వామి కుటుంబంలో జన్మించారు. యౌవనంలో హరిజన సేవక సంఘంలో పనిచేశారు. 1944లో భువనగిరి మహాసభకు తిరిగి అధ్యక్షులైనప్పుడు సభ్యత్వ రుసుము తగ్గించటంతో పేద రైతులు కూడా సంఘంలో చేరగలిగారు.

నాటి పల్లెలలో దేశ్‌ముఖుల మాటే శాసనం. వెట్టి చేయించినా, భూమి లాగుకొన్నా, అడిగే నాథుడు లేడు. అందుకే రైతు ఆయుధం పట్టాడు. ఆ పోరాటానికి నాయకుడై కూడా, 1948లో నిజాం పాలన అంతమైన పిదప దానిని సాగించటం తప్పని నారాయణరెడ్డిగారు స్వపక్షంలోనే వాదించారు. 1951 అక్టోబరులో పోరాటం విరమింపబడింది.

1952లో తొలి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉన్నందున ఆయన ప్రజాస్వామిక కూటమి అయిన పి.డి.ఎఫ్. పక్షాన నల్లగొండ నుండి లోక్‌సభకు పోటీ చేశారు. ప్రతి అభ్యర్థికీ తన గుర్తుగల వేరు పెట్టె. చదువు రాని కూలీ ఎవరి పెట్టెలో చీటీ వేసినదీ దొరకు తెలియదు. దొర ముందు నోరెత్తలేనివారు ఆ పెట్టె ముందు న్యాయమూర్తులైనారు. నారాయణరెడ్డిగారికి 3,09,162 ఓట్లు లభించాయి. ప్రధాని నెహ్రూకు సైతం అన్ని ఓట్లు రాలేదు. హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో తెలుగు రైతులు ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్‌ను శాసనసభకు పంపటం కూడా ఆ తీర్పులో భాగమే. మతమూ భాషా వారికి అడ్డు కాలేదు.

నారాయణరెడ్డిగారు 1957లో భువనగిరి నుండి శాసనసభకు, 1962లో మరల నల్లగొండ నుండి లోక్‌సభకు ఎన్నికైనారు. 1991లో కన్నుమూశారు. మరుసటి సంవత్సరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

నాటి ఓటరుకు 21 ఏండ్లు నిండవలసి ఉండేది. 1989 నుండి 18 ఏండ్లు చాలు. సుప్రీంకోర్టు తీర్పుల వలన అభ్యర్థులు తమ ఆస్తులను, తమపైగల క్రిమినల్ కేసులను ప్రమాణపత్రంలో వెల్లడింపవలసి ఉన్నది. అక్షరం రాని మన తాతలు దుర్మార్గుని గుర్తించి తిరస్కరించారు. చదువుకొన్న మనం ఆ పత్రమైనా చదువక, నోటుకో కులానికో ఓటు వేసినచో, తరువాత నాయకుణ్ణి నిందించే అర్హత మనకు ఉంటుందా? విద్యార్థులు ఆలోచించాలి.