నేలలోని నేస్తాలను చూపిన బైయరింక్

కంది మొక్కనో, వేరుశనగ మొక్కనో మెల్లగా పెకలించి చూచినచో వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో కాపురముండే సూక్ష్మజీవులను మొదటిసారిగా విడదీసి, శుద్ధరూపంలో పెంచి చూపిన శాస్త్రజ్ఞుడు మార్టినస్ విలెమ్ బైయరింక్. ఆయన జీవితాన్ని సంగ్రహంగా పరిశీలిద్దాం.

బైయరింక్ 1851 మార్చి 16న హాలెండులోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో జన్మించాడు. తండ్రి పొగాకు వ్యాపారం దెబ్బతిని, రైల్వేలో గుమాస్తాగా చేరి కుటుంబాన్ని పోషించాడు. బాలునికి పన్నెండేళ్లు వచ్చేవరకు ఇల్లే బడి. అయినా లేమి ఆయన విద్యాతృష్ణను అణచలేకపోయింది. 1872లో డెల్ఫ్ట్‌లో రసాయన ఇంజనీరింగు పట్టాను, 1877లో లైడెన్ విశ్వవిద్యాలయ డాక్టరేటును పొందాడు. కొంతకాలం వ్యవసాయ పాఠశాలలో బోధించి, 1885లో డెల్ఫ్ట్‌లోని ఈస్టు కర్మాగారపు ప్రయోగశాలలో చేరాడు.

గాలిలో సుమారు 78 శాతం నత్రజనియే. కాని మొక్క దానిని నేరుగా గ్రహించలేదు. పప్పుజాతి పైరు వేసిన నేల సారవంతమవుతుందని రైతులు అనాదిగా ఎరుగుదురు. కారణం మాత్రం తెలియదు. బుడిపెలలోని సూక్ష్మజీవుల తోడ్పాటుతోనే ఈ మొక్కలు గాలిలోని నత్రజనిని వాడుకుంటాయని జర్మనీలో హెల్రీగెల్, విల్‌ఫార్త్ 1886లో వెల్లడించారు. ఆ జీవులను 1888లో పట్టి చూపినవాడు బైయరింక్. పప్పుజాతి మొక్కల ఆకుల కషాయం కలిపిన జెలటిన్‌పై వాటిని పెంచాడు. మరుసటి సంవత్సరం ఫ్రాంక్ అనే శాస్త్రజ్ఞుడు వాటికి రైజోబియం అని పేరు పెట్టాడు.

మొక్క తాను ఎండలో వండుకున్న చక్కెరలో కొంత ఈ జీవులకు ఇస్తుంది. అవి గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి మొక్కకు ఇస్తాయి. వేరును విడిచి నేలలో ఒంటరిగా ఉన్నప్పుడు సాధారణంగా అవి ఈ పని చేయవు.

1895లో బైయరింక్ డెల్ఫ్ట్‌లో ఆచార్యుడయ్యాడు. 1898లో పొగాకు తెగులును పరిశోధించి వైరస్ అనే భావనకు పునాది వేశాడు. 1901లో, మొక్క తోడు లేకుండానే నత్రజనిని స్థిరీకరించే అజటోబాక్టర్‌ను వర్ణించాడు. 1905లో లీవెన్‌హుక్ పతకం ఆయనను వరించింది.

అయితే మహనీయుల లోపాలను దాచుట చరిత్రకు న్యాయం కాదు. బైయరింక్ ముక్కోపి. శిష్యులను కటువుగా మందలించేవాడు. వివాహం చేసుకోక, స్నేహాలకు దూరంగా ప్రయోగశాలకే అంకితమయ్యాడు. సోదరీమణులే ఆయనకు తోడు. వారిలో హెన్రియెట్టా ఆయన పాఠాలకు చక్కని చిత్రపటాలు గీసి ఇచ్చింది. 1921లో పదవీ విరమణ చేసి, గోర్సెల్ గ్రామంలో 1931 జనవరి 1న కన్నుమూశాడు.

రెండు ప్రాణులు ఇచ్చిపుచ్చుకొని బ్రతికే తీరుపై వెలుగు ప్రసరింపజేసిన ఆ మేధావికి సాటివారితో మెలగడం మాత్రం కష్టమైంది. విద్యార్థులమైన మనం ఆయన దీక్షను ఆయన జీవితం నుండి నేర్చుకుందాం. సహజీవన ధర్మాన్ని ఆయన చూపిన ఆ చిన్ని జీవుల నుండి నేర్చుకుందాం.