ప్రతాపరుద్ర చక్రవర్తి: శాసనమును నాటకమును

కాకతీయులలో కడపటి చక్రవర్తియగు ప్రతాపరుద్రుడు రుద్రమదేవికి దౌహిత్రుడు. పుత్రసంతతి లేని యామె యితనిని దత్తు చేసికొని రాజ్యార్హునిగా తీర్చెను. క్రీ.శ. 1289 ప్రాంతమున పట్టమునకు వచ్చి, కాయస్థ అంబదేవుని యణచెను. 1310లో మాలిక్ కాఫూరునకు కప్పమిచ్చి ఓరుగల్లును నిలుపుకొనెను. 1323లో ఉలుగ్ ఖానునకు బందీ అయ్యెను.

ఢిల్లీకి కొనిపోబడుచు నర్మదాతీరమున నతడు గతించెనని ప్రోలయనాయకుని విలస శాసనము తెలుపుచున్నది. రాజును గోల్పోయిన ప్రజల దుఃఖమును ఆ శాసనము వర్ణించినంతగా మరియే శాసనమును వర్ణింపలేదనిన అతిశయోక్తి కాదు. అగ్రహారములు హరింపబడుట, దేవతామూర్తులు భగ్నములగుట, కృషీవలుల పంట దోచబడుట అందు వరుసగా చెప్పబడినవి.

ఈ రాజు జీవించియుండగనే విద్యానాథుడు తన అలంకారశాస్త్రమున నాటకలక్షణోదాహరణముగా ఇతని పట్టాభిషేకమును ఐదంకముల నాటకముగా కూర్చెను. 1897లో వేదము వేంకటరాయశాస్త్రిగారు ప్రతాపరుద్రీయమున మంత్రి యుగంధరుని నీతిచే రాజును ఢిల్లీనుండి విడిపించిరి. ఇది చరిత్రకు విరుద్ధమే. అయినను నాటకము శోకాంతము కారాదను పూర్వమర్యాదను శాస్త్రిగారు పాటించిరి. దానిని దోషమనుట తగదు.

నంద్యాల సీమలోను ఇతని స్మృతి గలదు. ఆళ్ళగడ్డ సమీపమున రుద్రవరమున విడిసి శివమూర్తిని పోత పోయింపగా నృసింహాకృతి వెలువడెననియు, దానిని అహోబిల జీయరుస్వామికి సమర్పించెననియు ఐతిహ్యము. మఠస్థాపనము 1398 నాటిదని మఠసంప్రదాయమే చెప్పుటచే, అప్పటికి డెబ్బదియైదేండ్ల క్రిందటనే గతించిన రాజునకు ఈ కథ పొసగదు.