నేలను మిగల్చాలనే నింగికి కట్టారు

ఊరు పెరిగితే పొలం తరుగుతుంది. పట్టణాల చుట్టూ మాగాణి భూములు లేఅవుట్లుగా మారడం, హద్దురాళ్లు పాతిన ప్లాట్లలో ఏళ్ల తరబడి ముళ్లకంప పెరగడం మన జిల్లాల్లో కొత్త దృశ్యం కాదు. నగరం అడ్డంగా పరచుకొనేకొద్దీ రోడ్డు, నీటి గొట్టం, మనిషి ప్రయాణం అన్నీ సాగుతూనే పోతాయి. అందుకు బదులు ఇళ్లను నిలువుగా పేర్చి, మిగిలిన నేలను చెట్లకు, పిల్లల ఆటలకు వదిలిపెట్టాలని సుమారు వందేళ్ల కిందటే వాదించిన వాస్తుశిల్పి లె కార్బూజియే. చండీగఢ్ రూపకర్తగా భారతీయులకు పరిచితులైన ఆయన 1965 ఆగస్టు 27న కన్నుమూశారు. ఆయన జీవితంలో ఒక విచిత్రం ఉంది. జనాన్ని మేడల్లో నివసింపజేయాలని తపించిన ఆ మనిషికి పూర్తి నగరాన్ని నిర్మించే అవకాశం ఒక్కసారే దక్కింది. ఆ నగరంలో ఇళ్లన్నీ నేలను అంటిపెట్టుకొనే వెలిశాయి.

గడియారాల ఊరి బాలుడు

స్విట్జర్లాండ్‌లోని లా షో ద ఫోన్ అనే కొండప్రాంత పట్టణంలో 1887 అక్టోబరు 6న ఆయన జన్మించారు. అసలు పేరు షార్ల్ ఎదువార్ జానరే. ఆ ఊరికి గడియారాల తయారీయే జీవనాధారం. తండ్రి గడియారపు ముఖాలకు ఎనామిల్ పూత వేసేవారు. తల్లి పియానో నేర్పేవారు. కుమారుడు కూడా ఊరి కళాపాఠశాలలో చేరి గడియారపు డొప్పలపై నగిషీ చెక్కడం అభ్యసించారు. చూపు బలహీనం కావడంతో ఆ సూక్ష్మమైన పని సాగలేదు. గురువు లెప్లాతెనియే శిష్యుడిని భవన నిర్మాణం వైపు మళ్లించారు. ఆర్కిటెక్చర్‌లో కళాశాల పట్టా లేకుండానే ఆయన ప్రపంచ ప్రఖ్యాతి పొందారన్నది గమనార్హం.

1907లో ఇటలీ యాత్రకు వెళ్లిన ఆయన ఫ్లారెన్స్ సమీపంలోని ఎమా క్రైస్తవ మఠాన్ని చూశారు. ప్రతి సన్యాసికీ విడిగా ఒక నివాసం, దానికొక చిన్న తోట, ఎదురుగా కొండల దృశ్యం. భోజనశాల, ప్రార్థనామందిరం మాత్రం ఉమ్మడి. ఏకాంతమూ సాంగత్యమూ ఒకే ప్రాంగణంలో ఇమిడిన ఆ ఏర్పాటు ఇరవై ఏళ్ల యువకుడి మనసులో నాటుకుపోయింది. నాలుగు దశాబ్దాల తర్వాత కట్టిన మేడకు బీజం అక్కడే పడింది.

పారిస్‌లో ఓగుస్త్ పెరే వద్ద కాంక్రీటు పనిలోని మర్మాలను, బెర్లిన్‌లో పీటర్ బెహ్రెన్స్ కార్యాలయంలో యంత్రయుగపు కట్టడాల తీరును నేర్చుకున్నారు. 1917లో పారిస్‌లో స్థిరపడ్డారు. 1920 నుంచి లె కార్బూజియే అన్న కలం పేరే ఆయన పేరయింది. 1922లో ముప్పై లక్షల మంది నివసించే ఊహానగరాన్ని గీసి ప్రదర్శించారు. నడుమ కార్యాలయాలకు 60 అంతస్తుల టవర్లు 24, చుట్టూ నివాస సముదాయాలు, వాటి మధ్య విస్తారమైన ఉద్యానవనాలు. 1925లో మరింత సాహసించి, పారిస్ నడిబొడ్డున పాత పేటలను కూల్చి 18 టవర్లు కట్టాలని ప్రతిపాదించారు. పారిస్ అంగీకరించలేదు. నగరానికి అది మేలే చేసింది. పాత వీధుల్లో అల్లుకొన్న బతుకులు కాగితంపై గీతల కంటే విలువైనవన్న ఎరుక ఆనాటి ఆయన ఆలోచనల్లో కనిపించదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పనుల కోసం విషీ ప్రభుత్వం చుట్టూ ఏడాదిన్నర తిరగడం కూడా ఆయన చరిత్రలో చెరగని మచ్చ. అక్కడ ఒక్క పనీ దక్కలేదు.

ఏడో అంతస్తులో వీధి

యుద్ధం ముగిసేసరికి ఫ్రాన్స్‌లో లక్షల మందికి గూడు లేదు. 1945లో పునర్నిర్మాణ శాఖ మంత్రి రవుల్ దోత్రీ మార్సెయ్ నగరంలో ఒక నివాస సముదాయం నిర్మించే బాధ్యతను ఆయనకు అప్పగించారు. 1947లో పనులు మొదలయ్యాయి. మంత్రులు మారారు, ఖర్చు పెరిగింది, విమర్శలు చెలరేగాయి. ఉక్కు కొరత వల్ల కట్టడమంతా కాంక్రీటుతోనే సాగింది. సెంట్రింగ్ చెక్కల గుర్తులు గోడలపై అలాగే మిగిలిపోతే, వాటిని నునుపు చేయకుండా అదే అందమన్నారు. ఒక సంఘం ఈ భవనం దేశ సౌందర్యానికే భంగమంటూ కోర్టుకెక్కినా దావా నిలవలేదు. స్థానికులు దీనికి పిచ్చివాడి ఇల్లని పేరు పెట్టారు. 1952 అక్టోబరులో ప్రారంభోత్సవం జరిగింది.

ఎత్తు 56 మీటర్లు. 337 ఫ్లాట్లు, సుమారు 1,600 మందికి నివాసం. ఒంటరివారి నుంచి పెద్ద కుటుంబాల వరకు 23 రకాల ఫ్లాట్లు ఉన్నాయి. అధిక భాగం ఫ్లాట్లు రెండు అంతస్తుల్లో అమరి, భవనం ఈ చివర నుంచి ఆ చివరికి సాగుతాయి. అందువల్ల రెండు వైపుల నుంచీ గాలి, వెలుతురు వస్తాయి. వెడల్పు మాత్రం 3.66 మీటర్లే, అంటే మన లెక్కలో పన్నెండు అడుగులు. ఫ్లాట్లు ఒకదానిలో ఒకటి ఇమిడే ఈ ఏర్పాటు వల్ల మూడు అంతస్తులకు ఒక నడవా సరిపోయింది. ఏడు, ఎనిమిది అంతస్తుల్లో దుకాణాల వీధి పెట్టారు. డాబాపై పిల్లల బడి, లోతులేని కొలను, పరుగుబాట, వ్యాయామశాల. భవనం మొత్తాన్ని లావుపాటి స్తంభాలపై నిలిపి కింద నేలను ఖాళీగా వదిలారు. మన అపార్టుమెంట్ల కిందా స్తంభాలే ఉంటాయి. అక్కడ కార్లు నిలుస్తాయి, పిల్లలు ఆడుకుంటే వాచ్‌మన్ గదమాయిస్తాడు.

అన్నీ అనుకున్నట్లు జరగలేదు. మేడపై దుకాణాలకు ఆశించినంత గిరాకీ రాలేదు, నడవాలు చీకటిగా ఉన్నాయన్న ఫిర్యాదూ ఉంది. అయినా ఏడు దశాబ్దాలు దాటినా ఆ ఇల్లు నివాసయోగ్యంగా నిలిచింది. 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

ఆయనను అనుకరించినవారిలో అధికులు ఎత్తును తీసుకుని మిగిలినవన్నీ వదిలేశారు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పేదల కోసం 33 భవనాలతో, ఒక్కొక్కటి 11 అంతస్తులతో నిర్మించిన ప్రూయిట్ ఐగో కాలనీని 1972 నుంచి కూల్చివేయవలసి వచ్చింది. నిర్వహణకు నిధులు లేవు, నగరంలో ఉపాధి తరిగింది, తెలుపు నలుపుల వివక్ష సరేసరి. నింద మాత్రం మేడలపై, వాటి వెనుక ఉన్న లె కార్బూజియే సిద్ధాంతంపై పడింది.

ఎత్తు ఎరుగని నగరం

దేశ విభజనతో లాహోర్ పాకిస్థాన్‌కు పోవడంతో తూర్పు పంజాబ్‌కు రాజధాని కరవైంది. తొలి ప్రణాళికలో పాలుపంచుకొన్న మాథ్యూ నొవిట్‌స్కీ 1950లో విమాన ప్రమాదంలో మరణించారు. ఇంజినీరు పి.ఎల్. వర్మ, అధికారి పి.ఎన్. థాపర్ ఐరోపా వెళ్లి లె కార్బూజియేను ఒప్పించారు. 1951 ఫిబ్రవరిలో ఆయన వచ్చారు. 800 మీటర్ల వెడల్పు, 1,200 మీటర్ల పొడవు గల సెక్టార్లుగా నగరాన్ని విభజించారు. శాసనసభ, సచివాలయం, హైకోర్టు ఆయన స్వయంగా గీసినవి. ఇళ్ల బాధ్యత మ్యాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ, పినతండ్రి వరుస సోదరుడు పియర్ జానరేలది. బడ్జెట్ స్వల్పం, లిఫ్టులకు వెసులుబాటు లేదు. వేసవి రాత్రుల్లో ఆరుబయట మంచం వేసుకొనే అలవాటును కాదనలేరు. దానితో ఇళ్లు రెండు, మూడు అంతస్తులు దాటలేదు.

5 లక్షల మందికని తలపెట్టిన చండీగఢ్ జనాభా 2011 నాటికి 10.55 లక్షలు. పెరిగిన జనం మొహాలీ, పంచకుల, జిరక్‌పుర్‌లకు విస్తరించారు. నగరంలో ఒక్కో ఇంటిని అంతస్తుల వారీగా విడదీసి అపార్టుమెంట్లుగా అమ్మడం మొదలైంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు తొలి దశ సెక్టార్లలో దీనిని నిషేధించింది. లె కార్బూజియే వారసత్వాన్ని కాపాడటమే అందుకు ప్రధాన కారణం. మేడల కోసం జీవితాంతం పోరాడిన మనిషి పేరుతోనే మేడల బతుకుకు హద్దు గీయడం చిత్రమే. కోర్టు తీర్పు సబబే కావచ్చు. మురుగు కాలువలు, రోడ్లు ఒక్కో ఇంటికి ఒక్కో కుటుంబమన్న లెక్కతో వేసినవి. పైన అంతస్తులు పెంచి కింద నేలను పెంచకపోతే అది ఆయన చెప్పిన నిలువు నగరం కాదు, ఇరుకు మాత్రమే.

పారిస్‌లో ఆయన కాపురం తాను కట్టిన అపార్టుమెంటు పై అంతస్తుల్లోనే. వేసవికి మాత్రం మధ్యధరా తీరంలోని రోక్‌బ్రూన్ వద్ద 1952లో కట్టుకొన్న చెక్క కుటీరానికి చేరేవారు. దాని కొలత పొడవూ వెడల్పూ 3.66 మీటర్లే, మార్సెయ్ ఫ్లాటు వెడల్పంతే. 1957లో భార్య ఇవాన్ మరణించారు. 1965 ఆగస్టు 27న ఉదయం కుటీరం దిగువన సముద్రంలో ఈదుతూ ఆయన ప్రాణాలు విడిచారు. పారిస్‌లోని లూవ్ర్ ప్రాంగణంలో ప్రభుత్వ లాంఛనాలతో వీడ్కోలు పలికారు. అనంతరం రోక్‌బ్రూన్ కొండపై, తానే రూపకల్పన చేసిన చిన్న కాంక్రీటు సమాధిలో, భార్య పక్కన ఆయనను ఉంచారు.