అన్నదాన వ్రతనిష్ఠ – డొక్కా సీతమ్మగారు

భగవత్కైంకర్యము కంటె భాగవత కైంకర్యము మిన్న యని పూర్వాచార్యుల ఉపదేశము. అందుచేతనే వైష్ణవ గృహములందు తదీయారాధనము నిత్యవిధిగా నిలిచినది. గోదావరీ తీరమున ఒక గృహిణి ఈ ధర్మమునకు శాస్త్రనామ మేమియు పెట్టకయే జీవితాంతము దానిని ఆచరించి చూపిరి. వారే డొక్కా సీతమ్మగారు.

వీరు 1841వ సంవత్సరమున మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. వచ్చినవారి కెల్ల లేదనక అన్నము పెట్టుటచే తండ్రిగారిని జనులు బువ్వన్నగారని పిలిచెడివారు. తల్లి గతించిన పిదప ఇంటిభారము బాల్యముననే సీతమ్మగారి మీద పడినది. లంకల గన్నవరమునకు చెందిన వేదపండితులు డొక్కా జోగన్నగారు ఒకమారు పండితసభకై పోవుచు ఆ యింట భోజనము చేసి, బాలిక చూపిన ఆదరమునకు సంతసించి, పిమ్మట ఆమెను వివాహమాడిరి. జోగన్నగారికి భూవసతి కలదు. పంట యింటికి వచ్చును. వచ్చినది అతిథుల విస్తళ్లలోనికి పోవును. ఆ దంపతుల సంసారము అట్లు సాగినది.

లంకల గన్నవరము గోదావరి పాయయైన వైనతేయ తీరమున నున్నది. వంతెనలు లేని ఆ దినములలో బాటసారులు పడవకై రేవులందు గడియల తరబడి నిరీక్షింపవలసినదే. వరదకాలమున ఆ కష్టము చెప్పనలవి కాదు. ఆకటితో వచ్చిన వారికి ఆ యిల్లు దిక్కయ్యెను. ఏ జాతివారని అడుగుట లేదు. వేళ దాటినదనుట లేదు. అర్ధరాత్రి తలుపు తట్టినను పొయ్యి వెలిగించి వేడియన్నము వండి వడ్డించెడివారు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తులవారు జడివానలలో టెంకాయ చిప్పలు వంటచెరకుగా వండించి వైష్ణవులకు విందు సేయుటను శ్రీకృష్ణదేవరాయలు వర్ణించిరి. గన్నవరపు వంటశాలను తలచినపుడు ఆ ఘట్టము మనసున మెదలును.

వీరి చరితమున ముఖ్యమైన ఘట్టమొకటి నేటికిని కోనసీమలో చెప్పుకొందురు. సీతమ్మగారికి అంతర్వేది లక్ష్మీనృసింహస్వామిని సేవింపవలెనని చిరకాల వాంఛ. నిత్యము అతిథులు వచ్చు ఇంటిని విడుచుట ఎట్లని ఆ కోరిక వాయిదా పడుచుండెను. తుదకొకమారు ప్రయాణమై బయలుదేరిరి. దారిలో పెండ్లివారి బృందమొకటి ఎదురైనది. పిల్లలు ఆకలికి ఏడ్చుచుండగా, ఇంకకొంత దూరము పోయిన గన్నవరము చేరుదుమనియు, సీతమ్మగారి యింట అన్నము దొరకుననియు పెద్దలు వారిని ఊరడించుచుండిరి. ఆ మాటలు వీరి చెవిని పడినవి.

ఒకవంక ఎన్నియో ఏండ్లుగా కోరుకొన్న స్వామిదర్శనము. మరియొకవంక తన యింటినే నమ్ముకొని వచ్చుచున్న క్షుధార్తులు. తాను లేని యింటికి వారు చేరుట ఆమె సహింపలేకపోయిరి. వెంటనే వెనుకకు మరలి, వారికంటె ముందుగా ఇల్లు చేరి, వంటచేసి కడుపార భోజనము పెట్టిరి. యాత్ర ఆగినది, వ్రతము నిలిచినది. సర్వాంతర్యామియగు నృసింహుడు స్తంభమున నున్నవాడే. ఆకొన్న శిశువునందు మాత్రము లేకుండునా? ఈ తత్త్వమును ఆమె వ్యాఖ్యానములు చదివి నేర్చినవారు కారు. పొయ్యి చెంతనే నేర్చిరి.

వీరి కీర్తి ఇంగ్లండు వరకు ప్రాకినదనియు, ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భమున ఆహ్వానము రాగా, అన్నదానము కీర్తికై కాదని తిరస్కరించిరనియు ప్రసిద్ధి. 1909వ సంవత్సరమున వీరు పరమపదించిరి. గన్నవరమువద్ద వైనతేయపై నిర్మించిన క్రొత్త అక్విడక్టునకు వీరి పేరే పెట్టిరి. 2024వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును వీరి పేరుంచినది.

మనమందరము సీతమ్మగారివలె నిత్యాన్నదానము చేయజాలము. కాని వివాహములలో, ఉపనయనములలో, ఉత్సవములలో మిగిలిన అన్నము పెంటకుప్పల పాలగుట చూచుచునే యున్నాము. అన్నమును నిందింపరాదు, పారవేయరాదని ఉపనిషత్తు విధించినది. మిగిలినది పెట్టుట వండి పెట్టుటతో సమానము కాకున్నను, పారవేయు పాపమునుండి అది గృహస్థుని కాపాడును. అయితే అందునను నియమమున్నది. విస్తరిలో విడిచినది ఎంగిలి. అది ఇతరులకు తగదు. వడ్డనకు పోని పదార్థమును శుభ్రమైన పాత్రలలో వేరుగా నుంచి, పులియక మునుపే, అన్నార్తులున్న చోటికి చేర్చవలెను. ఇందులకు ఇంటి యువకులు నలుగురు పూనుకొన్న చాలును. విసరివేయక, విస్తరి వేసి, ఆదరముతో వడ్డింపవలెను. పుచ్చుకొనువాడు బిచ్చగాడు కాడు, అతిథి.

శుభలేఖలు వ్రాయించిన నాడే ఈ యేర్పాటును గూడ నిర్ణయించుకొన్నచో, ఆ శుభకార్యమునకు శ్రీలక్ష్మీనృసింహుని అనుగ్రహము తప్పక లభించును.